ఎముక పట్టు దొరికింది, చిగురు పట్టు మిగిలింది: పంటి ఇంప్లాంట్ చికిత్స ఇప్పుడు, ఇకపై

పోయిన పంటికి వేరులా పనిచేసే టైటానియం స్క్రూ, అంటే ఇంప్లాంట్, దవడ ఎముకతో కలిసిపోతుందా లేదా అన్నది పంటి ఇంప్లాంట్ చికిత్సలో ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. ఒక పన్ను పోయిన చోట సరిగ్గా పెట్టిన ఇంప్లాంట్ పదేళ్ల తర్వాత కూడా నోట్లో ఉండే అవకాశం సుమారు 95 శాతమని దీర్ఘకాలిక పరిశీలనలు పదేపదే చూపించాయి. అయితే నోట్లో ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. 2015లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష లెక్క ప్రకారం ఇంప్లాంట్లు ఉన్నవారిలో సగటున 43 శాతం మందికి వాటి చుట్టూ చిగురు వాపు ఉంది. 22 శాతం మందికి ఆ వాపు లోపలికి దిగి ఎముకను కూడా కరిగించే జబ్బు, అంటే పెరి ఇంప్లాంటైటిస్ ఉంది.

ఈ రెండు రకాల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఎముక లోపలి పని దాదాపు పూర్తయింది. కష్టమంతా చిగురు అంచు దగ్గర, ఇంప్లాంట్‌కీ కృత్రిమ పంటికీ మధ్య అతుకు దగ్గర, ఆ చుట్టూ పేరుకునే పాచి దగ్గర ఉంది. కొత్త పరికరాలనూ పద్ధతులనూ వేగాన్ని బట్టి కాక, ఈ కష్టాన్ని ఎంత తగ్గిస్తున్నాయన్నదాన్ని బట్టి తూచాలి.

ఎముక ఎలా పట్టుకుంటుంది

1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఎముకలో రక్త ప్రసరణను గమనించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరాలు అమర్చారు. ప్రయోగం అయ్యాక తీయబోతే ఎముక వాటిని వదల్లేదు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. ఆ రోగి 2006లో మరణించేదాకా అవి పనిచేశాయి. 1982లో టొరంటో సదస్సులో ఈ ఫలితాలు బయటపెట్టాక చికిత్స ప్రపంచమంతటా పాకింది. ఆనాటి నియమం కఠినం: ఇంప్లాంట్‌ను చిగురు కింద పూర్తిగా కప్పేసి, కింది దవడలో 3 నెలలు, పై దవడలో 6 నెలలు ముట్టుకోకూడదు.

ఆ నిరీక్షణకు కారణం ఉంది. పెట్టిన రోజు కనిపించే బిగువు పూర్తిగా యాంత్రికమైనది, స్క్రూ మరలు ఎముకను కరుచుకోవడం వల్ల వచ్చింది. ఆ తర్వాతి వారాల్లో మరల ఒత్తిడికి నలిగిన పాత ఎముకను శరీరం కరిగించుకుంటుంది. దాని చోట పుడుతున్న కొత్త ఎముక ఇంకా మెత్తగానే ఉంటుంది. అందువల్ల రెండో వారం నుంచి నాలుగో వారం వరకూ మొత్తం బిగువు తగ్గి, ఆ తర్వాత మళ్లీ పుంజుకుంటుంది. ఈ సమయంలో ఇంప్లాంట్ సుమారు 150 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి పదేపదే కదిలితే దాని చుట్టూ ఎముకకు బదులు పీచు కణజాలం ఏర్పడుతుంది. అలా వదులైన ఇంప్లాంట్‌ను ఆపై ఏ మందూ నిలబెట్టలేదు. తీసేయడమే. మొదటి రోజు గట్టిగానే ఉంది కదా అని మూడో వారంలో ఆ వైపు గట్టి పదార్థాలు నమిలేవారు కోరి తెచ్చుకునే నష్టం ఇదే.

నిరీక్షణను తగ్గించింది ఇంప్లాంట్ పైపొర. తొలితరం ఇంప్లాంట్లు నునుపుగా ఉండేవి. ఇప్పుడు ఎక్కువ భాగం గట్టి రేణువులతో కొట్టి, ఆపై ఆమ్లంలో ముంచి గరుకు చేసినవే. ఆ గరుకుదనం సగటున 1 నుంచి 2 మైక్రాన్లు ఉన్నప్పుడు ఎముక పట్టు అన్నిటికన్నా బాగుంటుందని తేలింది. రక్తపు గడ్డలోని ఫైబ్రిన్ పోగులు ఆ గుంతల్లో చిక్కుకుంటాయి, ఎముక కణాలు వాటిని పట్టుకుని నేరుగా లోహం మీదికే వచ్చి పని మొదలుపెడతాయి. దాంతో మామూలు ఎముకలో 6 నుంచి 8 వారాలకే పన్ను అమర్చడం సాధ్యమైంది. తడిని ఇట్టే పీల్చుకునేలా తయారుచేసి సెలైన్‌లో భద్రపరిచిన పైపొరలైతే, ఎముక బాగున్న చోట 3, 4 వారాలకే సిద్ధమవుతున్నాయి.

ఈ లాభానికి వెల కూడా ఉంది. ఎముక లోపల ఉన్నంతకాలం మేలు చేసిన గరుకుదనం, ఎముక తగ్గి బయటపడగానే పాచికి గూడవుతుంది. నునుపు లోహాన్ని తుడవగలం, మైక్రాన్ల లోతున్న గుంతలను తుడవలేం.

డ్రిల్ పట్టకముందు

ఇంప్లాంట్ విఫలమైన చాలా సందర్భాల్లో కారణం శస్త్రచికిత్స గదిలో దొరకదు, దానికి ముందు జరిగిన ఆలోచనలో దొరుకుతుంది. ఎముక ఉన్నచోట ఇంప్లాంట్ పెట్టి, పంటి సంగతి తర్వాత చూద్దామనే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు వరస తిరగబడింది. ముందుగా రావలసిన పన్ను ఆకారం, దాని చోటు తేల్చుకుంటారు. దానికి ఇంప్లాంట్ ఎక్కడ, ఏ కోణంలో ఉండాలో ఆ తర్వాత నిర్ణయిస్తారు. అక్కడ ఎముక చాలకపోతే ఎముకను పెంచుతారు తప్ప ఇంప్లాంట్‌ను పక్కకు జరపరు.

రోగి చరిత్రలో కొన్ని విషయాలు తప్పక తవ్వి చూడాల్సినవి. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవారికి ఇంప్లాంట్ల చుట్టూ కూడా అదే జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. మిగిలిన పళ్ల చుట్టూ లోతైన గుంటలూ రక్తస్రావమూ అలాగే ఉండగా ఇంప్లాంట్ పెట్టడం తొందరపాటు. పొగతాగేవారిలో వైఫల్యం తాగనివారి కంటే సుమారు రెట్టింపు. షుగర్ అదుపులో ఉంటే ఇంప్లాంట్‌కు అడ్డంకి కాదు, అదుపు తప్పితే గాయం మానడం నెమ్మదించి ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఎముక గుల్లబారడానికి లేదా ఎముకకు పాకిన క్యాన్సర్‌కు వాడే బిస్ఫాస్ఫొనేట్లు, డెనోసుమాబ్ గురించి ప్రత్యేకంగా అడగాలి. క్యాన్సర్ కోసం ఇవి సిరల ద్వారానో ఇంజెక్షన్‌గానో పెద్ద మోతాదులో తీసుకుంటున్నవారి దవడలో డ్రిల్ చేస్తే ఎముక చచ్చుబడిపోయే ముప్పు ఉంటుంది. అలాంటివారికి ఇంప్లాంట్ మాట ఎత్తకపోవడమే మంచిది. దవడకు 50 గ్రేలకు మించి రేడియేషన్ తీసుకున్నవారి విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. రాత్రిళ్లు పళ్లు కొరికేవారిలో ఎముక పట్టు బాగానే ఉంటుంది గానీ స్క్రూలు వదులవడం, పింగాణీ పగలడం మామూలు. వారికి రాత్రిపూట పెట్టుకునే గార్డ్ ఇవ్వాల్సిందే.

తర్వాత కొలతలు. సీబీసీటీ స్కాన్, అంటే దవడను మూడు కోణాల్లో చూపే ఎక్స్‌రే, ఎముక ఎత్తునూ వెడల్పునూ చూపుతుంది. దాని మీద పాటించే హద్దులు ఇవి: కింది దవడ నరం ఉన్న కాలువకు కనీసం 2 మి.మీ. పైన ఆగాలి, పక్క పంటి వేరుకు 1.5 మి.మీ. దూరం ఉండాలి, రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మి.మీ. వదలాలి. పెదవి వైపు ఇంప్లాంట్ ముందు 1.5 నుంచి 2 మి.మీ. మందం ఎముక మిగలాలి. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఈ చివరి కొలతనే. ముందు పళ్ల దగ్గర ఆ గోడ పలచబడితే ఒకటి రెండేళ్లలో ఎముక కరిగి, చిగురు వెనక్కి జారి, బూడిద రంగు లోహం తొంగిచూస్తుంది. ఇంప్లాంట్ రాయిలా గట్టిగానే ఉంటుంది, రోగి మాత్రం నవ్వడం మానేస్తాడు.

పన్ను తీశాక ఎంతకాలానికి పెట్టాలన్నదీ ఇక్కడే తేలాలి. తీసిన చోట ఎముక వెడల్పు ఏడాదిలో దాదాపు సగానికి పడిపోతుంది, ఆ నష్టంలో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే జరుగుతుంది. అందుకని నాలుగు సమయాలు చెబుతారు: పన్ను తీసిన వెంటనే, చిగురు మూసుకున్నాక 4 నుంచి 8 వారాల్లో, ఎముక కొంత నిండాక 12 నుంచి 16 వారాల్లో, పూర్తిగా మానాక 6 నెలల తర్వాత. వెంటనే పెట్టడం వల్ల ఒక శస్త్రచికిత్స తగ్గుతుంది గానీ, పెదవి వైపు ఎముక కుంచించుకుపోవడం ఆగదు. ఆ గోడ చెక్కుచెదరకుండా ఉండి, చిగురు మందంగా ఉండి, వేరు కొనకు పైన ఎముక దొరికితేనే ముందు పళ్ల దగ్గర ఆ దారి ఎంచుకోవాలి. ఇంప్లాంట్‌కూ ఆ గోడకూ మధ్య మిగిలే ఖాళీని ఎముక పొడితో నింపాలి. ఈ షరతుల్లో ఒకటి తప్పినా రెండు నెలలు ఆగడమే నయం.

పని జరిగే తీరు

కింది దవడలో మొదటి దవడపన్ను పోయిన చోటు తీసుకుందాం. శస్త్రచికిత్సకు గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకే మోతాదుగా ఇస్తే తొలిదశ వైఫల్యాలు తగ్గుతాయని ఆధారాలున్నాయి. పెన్సిలిన్ పడనివారికి వైద్యులు వేరే దారి చూస్తారు. మత్తు ఇచ్చాక ఎముక శిఖరం, అంటే చిగురు వైపు అంచు, మీదుగా గాటు పెట్టి, గట్టి గులాబి రంగు చిగురు ఇంప్లాంట్‌కు రెండు వైపులా మిగిలేలా దాన్ని విడదీస్తారు. గుండ్రటి బర్‌తో చోటు గుర్తుపెట్టి, సుమారు 2 మి.మీ. పైలట్ డ్రిల్‌ను అనుకున్న లోతుకు దించుతారు. ఆ రంధ్రంలో కోణం చూపే పిన్ను నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. కోణం తప్పిందని తెలిస్తే సరిదిద్దుకునే అవకాశం ఇక్కడే, తర్వాతి డ్రిల్ దిగాక రంధ్రం తన దారి మార్చుకోదు.

అక్కడి నుంచి డ్రిల్‌ల వ్యాసం మెట్లుమెట్లుగా పెంచుకుంటూ పోతారు. వేగం నిమిషానికి 800 నుంచి 1200 చుట్లు. చల్లని సెలైన్ ధారగా పడుతూనే ఉండాలి, డ్రిల్‌ను కిందికి అదిమిపెట్టకుండా పైకీ కిందికీ ఆడిస్తుండాలి. ఈ జాగ్రత్తల వెనక ఒకే అంకె ఉంది: ఎముక 47 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఒక్క నిమిషం ఉంటే చాలు, ఆ మేర చచ్చిపోతుంది. మొద్దుబారిన డ్రిల్, ఆగిపోయిన సెలైన్, కింది దవడ ముందు భాగంలో దట్టమైన ఎముక, ఈ మూడూ కలిసినప్పుడు ఆ నిమిషం తేలిగ్గా వచ్చేస్తుంది. కాలిన ఎముక ఆ రోజు ఏమీ చెప్పదు. మూడు నాలుగు వారాలకు నొప్పి మొదలై, ఇంప్లాంట్ వేలితోనే తిరిగి వచ్చేస్తుంది. డ్రిల్ ఎన్నిసార్లు వాడారో లెక్క రాసిపెట్టుకోవడం, తయారీదారు చెప్పిన హద్దు దాటగానే పారేయడం పిసినారితనం చూపకూడని విషయం.

ఇంప్లాంట్‌ను నిమిషానికి 15 నుంచి 25 చుట్ల నెమ్మదితో దించుతారు. బిగువు సుమారు 35 న్యూటన్ సెంటీమీటర్లకు చేరితే బాగుందనుకోవచ్చు. ఎంత బిగిస్తే అంత మంచిదన్నది పొరపాటు. దట్టమైన ఎముకలో మరలు కోయకుండా బలవంతాన దించితే శిఖరం దగ్గరి ఎముక రక్తం అందక కరిగిపోతుంది. ఇంప్లాంట్ తల దగ్గర వంగడమో, దవడ ఎముకకు పగులు రావడమో కూడా జరగొచ్చు. మెత్తటి ఎముకలో దీనికి పూర్తి వ్యతిరేకం: చివరి డ్రిల్ వదిలేసి రంధ్రాన్ని కాస్త బిగుతుగా ఉంచుతారు. ఎముకను కోయకుండా పక్కలకు నొక్కుతూ వెనక్కి తిరిగే డ్రిల్‌లు ఈ మధ్య వాడుకలోకి వచ్చింది ఇలాంటి చోట్ల కోసమే. కింది దవడలోని గట్టి ఎముకలో వాటి అవసరం లేదు.

బిగువును కంపనాల ద్వారా కొలిచే పరికరం 1 నుంచి 100 వరకు ఒక అంకె ఇస్తుంది, దాన్ని ఐఎస్‌క్యూ అంటారు. 70 దాటితే ధైర్యంగా ముందుకు పోవచ్చు, 60 లోపు ఉంటే ఆగాలి. ఒక్కసారి తీసిన అంకె కంటే మళ్లీ మళ్లీ తీసిన అంకెల వరస ఎక్కువ చెబుతుంది. పడిపోతూ ఉందంటే ఎక్స్‌రేలో కనపడకముందే ఏదో తేడా జరుగుతున్నట్టు.

తొందరపెట్టే కోరిక

ఒక్క రోజులో పళ్లు అన్న మాట రోగిని ఇట్టే ఆకర్షిస్తుంది. పళ్లన్నీ పోయిన దవడకు నాలుగు ఇంప్లాంట్లు, వాటిలో వెనక రెండింటిని వాలుగా పెట్టి, అదే రోజు తాత్కాలిక పళ్ల వరస బిగించే పద్ధతిని పోర్చుగల్ వైద్యుడు పాలో మాలో 2003లో ప్రచురించారు. వాలు వల్ల కింద నరాన్నీ, పైన ముక్కు పక్కనుండే గాలి గది సైనస్‌నూ తప్పించుకోవచ్చు, ఎముక పెంచే శస్త్రచికిత్స అక్కర్లేదు. ఇది పనిచేయడానికి కారణం నాలుగింటినీ ఒకే గట్టి చట్రం కట్టిపడేయడం, ఏ ఒక్కటీ విడిగా కదల్లేకపోవడం. ఒంటరి ఇంప్లాంట్‌కు ఈ రక్షణ లేదు. అక్కడ అదే రోజు పన్ను పెట్టినా, ఎదుటి పంటికి తగలకుండా తాత్కాలికంగా మాత్రమే పెట్టాలి. నాలుగింటి పద్ధతిలో బలహీనత వేరే ఉంది: ఒకటి పోతే మిగిలిన మూడింటి మీద ఆ వరస నిలవదు. ఇంకో సంగతి, కృత్రిమ చిగురు కింద శుభ్రం చేసుకునే దారి ఉంచకపోతే కొన్నేళ్లకు నాలుగూ ఒకేసారి జబ్బు పడతాయి.

పై దవడ వెనక భాగంలో సైనస్ కిందికి జారి ఎముక ఎత్తు తగ్గిపోవడం మామూలే. మిగిలిన ఎముక 5 మి.మీ.కు తగ్గకుండా ఉంటే ఇంప్లాంట్ రంధ్రం గుండానే సైనస్ పొరను కాస్త ఎత్తవచ్చు. అంతకంటే తక్కువైతే పక్క గోడలో కిటికీ తెరిచి, పొరను విడదీసి, ఎముక పదార్థం నింపాలి. పొర చిరగడం ఇక్కడ అన్నిటికన్నా తరచుగా వచ్చే ఇబ్బంది. ఇప్పుడు 6 మి.మీ. పొట్టి ఇంప్లాంట్లు నమ్మకంగా దొరుకుతున్నాయి కనుక చాలాచోట్ల ఈ పెద్ద శస్త్రచికిత్సనే తప్పించవచ్చు. చిన్న పనితో అయ్యేదాన్ని పెద్ద పనిగా మార్చకపోవడం కూడా నైపుణ్యమే. ఎముక బొత్తిగా లేనివారికి చెంప ఎముక దాకా వెళ్లే 30 నుంచి 52.5 మి.మీ. పొడవైన ఇంప్లాంట్లున్నాయి. కంటి గూడు పక్కగా సాగే ఆ పని దాని మీదే శిక్షణ పొందినవారు మాత్రమే చేయాలి.

పన్ను అమర్చే దగ్గర జరిగే నష్టం

ఇంప్లాంట్ల మీద క్రౌన్‌ను, అంటే పైకి కనిపించే కృత్రిమ పన్నును, రెండు రకాలుగా నిలుపుతారు, సిమెంట్‌తో అతికించో, స్క్రూతో బిగించో. సిమెంట్ పద్ధతి చూడటానికి తేలిక, నిజానికి ప్రమాదకరం. క్రౌన్ అంచు చిగురు కింద 1 మి.మీ. కంటే లోతుగా ఉంటే పొంగిన సిమెంట్‌ను పూర్తిగా తీయడం ఎవరివల్లా కాదు. సహజ పంటి వేరులోకి చిగురు పోగులు అడ్డంగా నాటుకుని ఉంటాయి, సిమెంట్‌ను లోపలికి పోనివ్వవు. ఇంప్లాంట్ చుట్టూ ఆ పోగులు మెడ చుట్టూ చొక్కా కాలర్ లాగా ఆనుకుని మాత్రమే ఉంటాయి. అందుకే సిమెంట్ నేరుగా ఎముక దాకా జారుతుంది. అక్కడ చిక్కుకున్న ఆ గరుకు ముక్క చుట్టూ పాచి చేరి, ఏడాదికో అయిదేళ్లకో చీము బయటపడుతుంది. కొన్ని సిమెంట్లు ఎక్స్‌రేలో కనిపించవు కూడా. వీలైన ప్రతిచోటా స్క్రూ పద్ధతే మేలు. స్క్రూ రంధ్రం ముందు వైపుకు వచ్చే పరిస్థితుంటే దాన్ని 25 డిగ్రీల వరకు లోపలికి తిప్పే భాగాలు ఇప్పుడు ఉన్నాయి. తప్పనిసరై సిమెంట్ వాడితే అంచు కంటికి కనిపించే ఎత్తులో ఉండాలి.

స్క్రూకు కూడా క్రమం ఉంది. తయారీదారు చెప్పిన బిగువుకు, సాధారణంగా 15 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య, టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఆనుకున్న లోహపు తలాల మీది సూక్ష్మమైన మిట్టలు నలిగి పట్టు కొంత సడలుతుంది. అందుకని 10 నిమిషాలు ఆగి మళ్లీ అదే బిగువుకు తేవాలి. తర్వాత రంధ్రంలో టెఫ్లాన్ టేపు కుక్కి, పైన కాంపోజిట్‌తో మూస్తారు. రేపు స్క్రూ వదులైతే ఆ టేపును ఒక్క లాగుతో తీసేయొచ్చు, నేరుగా కాంపోజిట్ నింపితే స్క్రూ తలే పాడవుతుంది. పదేపదే వదులయ్యే స్క్రూను ఊరికే బిగిస్తూ పోకూడదు. క్రౌన్ సరిగ్గా కూర్చోలేదా, కొరుకు ఒకే చోట పడుతోందా, భాగాలు అసలు తయారీదారువేనా అని చూడాలి. చవకగా దొరికే నకలు అబట్‌మెంట్లు (ఇంప్లాంట్‌కూ క్రౌన్‌కూ మధ్య కలిపే భాగాలు) కంటికి ఒకేలా కనిపిస్తాయి గానీ, మైక్రాన్లలో ఉండే తేడా వల్ల అతుకు ఊగుతుంది, స్క్రూ విరుగుతుంది, సందులో సూక్ష్మజీవులు స్థిరపడతాయి.

కొరుకు సరిచేయడంలో గుర్తుంచుకోవాల్సిన సంగతి: సహజ పన్నుకు చుట్టూ మెత్తటి పొర ఉంది, ఒత్తిడికి 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కిందికి దిగుతుంది. ఇంప్లాంట్ 3 నుంచి 5 మైక్రాన్లే. రెండూ సమానంగా తాకేలా పెడితే గట్టిగా కొరికినప్పుడు భారమంతా ఇంప్లాంట్ మీదే పడుతుంది. తేలిగ్గా కొరికితే ఇంప్లాంట్ పన్ను అంటీ అంటనట్టు ఉండాలి, గట్టిగా కొరికితేనే తాకాలి. ఏళ్లు గడిచేకొద్దీ సహజ పళ్లు కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి, ఇంప్లాంట్ జరగదు. వాటి మధ్య సందు ఏర్పడి ఆహారం ఇరుక్కోవడం తరచు వినే ఫిర్యాదు. స్క్రూ పద్ధతిలో అయితే క్రౌన్ విప్పి పక్కన కాస్త పదార్థం చేర్చి మళ్లీ బిగించొచ్చు.

చిగురు నుంచి క్రౌన్ బయటికి వచ్చే కోణం 30 డిగ్రీలు దాటి, ఉబ్బెత్తుగా ఉంటే పెరి ఇంప్లాంటైటిస్ ఎక్కువగా కనిపిస్తోంది. బ్రష్ ఆ ఉబ్బు కిందికి చేరదు. సన్నటి ఇంప్లాంట్ మీద వెడల్పాటి దవడపన్ను పెడితే ఈ కోణం దానంతటదే వచ్చేస్తుంది. అందుకే లోతు, వ్యాసం నిర్ణయించేటప్పుడే క్రౌన్ ఆకారం కళ్ల ముందుండాలి. దీనికి తోడు చుట్టూ కనీసం 2 మి.మీ. గట్టి చిగురు లేకపోతే బ్రష్ చేసినప్పుడల్లా నొప్పి పుడుతుంది, రోగి ఆ చోటును వదిలేస్తాడు. అంగిలి నుంచి కాస్త కణజాలం తెచ్చి అతికించడం అలంకారం కోసం అనుకుంటారు, ముందు పళ్లను మినహాయిస్తే దాని అసలు లాభం రోజూ శుభ్రం చేసుకోగలగడమే.

జబ్బును పట్టుకోవడం, ఆపడం

ఇంప్లాంట్ చుట్టూ జబ్బు నొప్పి లేకుండా నడుస్తుంది. అందుకే పన్ను అమర్చిన రోజునే ఎక్స్‌రే తీసి ఎముక మట్టాన్ని, ప్రోబ్ అనే సన్నటి కొలత కడ్డీతో చుట్టూ గుంటల లోతును రాసిపెట్టాలి. ఆ మొదటి కొలత లేకపోతే తర్వాత ఏది మారిందో చెప్పలేం. అలా లేని సందర్భాల కోసం 2017 అంతర్జాతీయ వర్గీకరణ హద్దులు పెట్టింది: రక్తం లేదా చీముతో పాటు గుంట 6 మి.మీ. లేదా అంతకు మించి ఉండి, ఎముక 3 మి.మీ. లేదా అంతకు మించి తగ్గితే పెరి ఇంప్లాంటైటిస్. ప్రోబ్‌తో తాకితే ఇంప్లాంట్ పాడవుతుందనే భయం పాతది. తేలికగా తాకితే ఏమీ కాదు, తాకకపోతేనే జబ్బు దాక్కుంటుంది.

చిగురు వాపు దశలో ఉంటే వృత్తిపరంగా శుభ్రం చేసి, రోగికి సందుల్లో వాడే చిన్న బ్రష్ సరైన సైజులో చూపిస్తే చాలా వరకు తగ్గుతుంది. ఎముక కరగడం మొదలయ్యాక ఆ సులువు ఉండదు. ముందు శస్త్రచికిత్స లేకుండా శుభ్రం చేసి 6 నుంచి 12 వారాలకు మళ్లీ కొలుస్తారు. లోతు తగ్గకపోతే చిగురు తెరిచి గరుకు మరలను నేరుగా శుభ్రం చేయాలి, గుంట ఆకారం అనుకూలిస్తే ఎముక పదార్థం నింపాలి. యాంటీబయాటిక్ మాత్రలు మాత్రమే రాసి పంపేయడం వల్ల ఉపయోగం లేదు, ఆ పాచి పొరలోకి మందు చొరబడదు. శస్త్రచికిత్స అయ్యాక కూడా జబ్బు తిరిగి రావడం మామూలు కనుక అసలు చికిత్స దాన్ని రానివ్వకపోవడమే. కనీసం ఆర్నెల్లకోసారి, ముప్పు ఎక్కువున్నవారికి మూడు నెలలకోసారి పరీక్ష, శుభ్రత ఉండాలి. ఈ మాట మొదటి రోజే, డబ్బు కట్టకముందే రోగికి చెప్పాలి. ఇంప్లాంట్ ఒకసారి పెట్టించుకుంటే అయిపోయే వస్తువని చెప్పడం అన్యాయం.

రాబోతున్నవి

డిజిటల్ పద్ధతుల్లో కొన్ని ఇప్పటికే నిలదొక్కుకున్నాయి. నోటి స్కానర్ ఒకటి రెండు పళ్లకు అచ్చు తీయడం కంటే మెరుగు. దవడ మొత్తానికి వచ్చేసరికి చిన్నచిన్న చిత్రాలు కలుపుకుంటూ పోవడంలో తప్పు పేరుకుంటుంది. అందుకే పూర్తి వరసకు ఇంప్లాంట్ల స్థానాలను విడిగా కొలిచే ఫోటోగ్రామెట్రీ వాడుతున్నారు. స్కాన్లను కలిపి 3డీ ముద్రణతో చేసిన, డ్రిల్‌కు దారి చూపే గైడ్‌తో ఇంప్లాంట్ పెట్టినా, అనుకున్న చోటికీ చేరిన చోటికీ తేడా సగటున పైన 1.2 మి.మీ., కొన దగ్గర 1.4 మి.మీ., కోణంలో 3.5 డిగ్రీలని సమీక్షలు తేల్చాయి. నరం పైన 2 మి.మీ. వదలడం ఎందుకో ఈ అంకెలే చెబుతాయి. గైడ్ ఉంది కదా అని ఆ హద్దును తినేయకూడదు. పైగా గైడ్ రంధ్రానికి అడ్డుగా ఉండటం వల్ల సెలైన్ ఎముక దాకా సరిగా చేరదు. చేతి పనిలో కంటే పెరిగే ఈ వేడి ముప్పును చాలామంది మరచిపోతారు.

రోబోలు ఈ తేడాను సగటున మిల్లీమీటరు లోపుకు తెచ్చాయి. వైద్యుడి చేతిని దారిలో పట్టి ఉంచే రోబోకు 2016లో అమెరికా అనుమతి వచ్చింది. 2017లో చైనాలోని షీఆన్‌లో ఒక రోబో తనంతట తానే రెండు ఇంప్లాంట్లు పెట్టింది. స్కాన్‌లో నరాన్నీ వేళ్లనూ గుర్తించే పనిని కృత్రిమ మేధ నిమిషాల్లోకి కుదించింది. ఇవన్నీ ఇంప్లాంట్ స్థానాన్ని మెరుగుపరుస్తాయి, స్థానం బాగుంటే క్రౌన్ ఆకారం, శుభ్రత బాగుపడతాయి కాబట్టి ఆ మేరకు నిజమైన లాభమే. కానీ తప్పుడు పథకాన్ని రోబో అత్యంత కచ్చితంగా అమలు చేస్తుంది.

పదార్థాల్లో రెండు మార్పులు గమనించదగ్గవి. సుమారు 15 శాతం జిర్కోనియం కలిపిన టైటానియం గట్టిదనం వల్ల 3.3 మి.మీ. సన్నటి ఇంప్లాంట్లను మునుపటి కంటే ధైర్యంగా వాడుతున్నారు, ఎముక పెంచే అవసరం కొందరికి తప్పింది. జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతోనే పూర్తిగా చేసిన ఇంప్లాంట్ తెల్లగా ఉంటుంది, పాచి తక్కువ పడుతుంది, చిగురు దాని చుట్టూ బాగా స్థిరపడుతుంది. ముందు పళ్ల దగ్గర పలచటి చిగురు ఉన్నవారికి అది మంచి ఎంపిక. పెళుసుదనం మాత్రం పోలేదు, సన్నటి వ్యాసంలో విరిగే భయం ఉంది. విడి అబట్‌మెంట్‌తో వచ్చే రకాలకు టైటానియానికి ఉన్నంత దీర్ఘకాలిక అనుభవం ఇంకా పోగవలేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఎదురుచూడాల్సినవి ఇంప్లాంట్ మెడ దగ్గర చిగురు నిజంగా అతుక్కునేలా చేసే పైపొరలు, సూక్ష్మజీవులను దరిచేరనివ్వని పూతలు. ప్రయోగశాలలో వెండి అణువులు, పెప్టైడ్లు, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసిన టైటానియం మంచి ఫలితాలిస్తున్నాయి. నోట్లో ఏళ్ల తరబడి నిలిచే పూత మాత్రం ఇంకా రాలేదు. పరిశోధన డబ్బు ఒక వారం ముందు పన్ను పెట్టగలగడం మీద కంటే దీని మీద ఎక్కువ ఖర్చు కావాలి.

ఇంప్లాంట్ అవసరాన్నే తీసేసే ఆలోచన జపాన్‌లో నడుస్తోంది. దంతాల పెరుగుదలను ఆపే యూఎస్ఏజీ-1 ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఎలుకల్లో పన్ను మొలిపించింది. 2024లో క్యోటో యూనివర్సిటీ ఆసుపత్రిలో మనుషుల మీద తొలిదశ పరీక్ష మొదలైంది. అందులో వెనక పన్ను కనీసం ఒకటి లేని, 30 నుంచి 64 ఏళ్ల పురుషులను తీసుకున్నారు. ఆ దశ ఉద్దేశం మందు సురక్షితమా కాదా చూడటమే. తర్వాతి దశ పుట్టుకతోనే కొన్ని పళ్లు రాని పిల్లల కోసం. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోయిన పెద్దవారు దీని కోసం ఆగి, ఉన్న ఎముకను కరగనివ్వడం తెలివైన పని కాదు.

అందుకని ఈ రోజు పెట్టే ఇంప్లాంట్ ఇరవై, ముప్పై ఏళ్లు వేరే వేరే చేతుల్లోకి వెళ్తుందన్న ఎరుకతోనే పని ముగించాలి. రోగి చేతికి ఒక కాగితం ఇవ్వాలి. అందులో ఇంప్లాంట్ తయారీదారు పేరు, మోడల్, వ్యాసం, పొడవు, అతుకు రకం, లాట్ నంబరు, స్క్రూ బిగువు, క్రౌన్ స్క్రూ పద్ధతిదా సిమెంట్‌దా, మొదటి ఎక్స్‌రే, చుట్టూ ఆరు చోట్ల కొలిచిన లోతులు ఉండాలి. ఆ వివరాలు లేక, ఎక్స్‌రేలో నీడను చూసి ఏ కంపెనీ స్క్రూడ్రైవర్ సరిపోతుందో ఊహించుకుంటూ కూర్చోవాల్సి రావడం వల్లనే బాగుచేయగలిగిన ఇంప్లాంట్లు ఎన్నో చివరికి తీసేయాల్సి వస్తోంది.